ఇప్పపూల కాలంలో ఆగిన బీకన్

"ఎస్టాబ్లిష్డ్" అని పైలట్ నోట వినగానే ఇక తన పని అయిపోయిందనుకునే కంట్రోల్ గది కుర్రాళ్ళను ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను. మొన్న ఒకడు మా ఇంటికి వచ్చి, "మీ కాలంలో రాడార్ లేదు, తెరలు లేవు. రేడియో గదిలో పొద్దంతా కూర్చుని ఏం చేసేవారు పెద్దాయనా?" అని అడిగాడు. "వినేవాళ్ళం నాయనా" అన్నాను గొప్పగా. వాడు వెళ్ళాక నాలుక కరుచుకున్నాను. వినాల్సిన రోజున నేను వినలేదు. ఆ సంగతి దాచిపెట్టి నీతులు చెప్పడం ఈ వయసులో బాగుండదు కాబట్టి రాస్తున్నాను.

మాది కారేపల్లి దగ్గర పల్లె. వైర్‌లెస్ శిక్షణ పూర్తి చేసుకుని ఎనభైల మొదట్లో ఒక కార్ఖానా వాళ్ళ దగ్గర రేడియో ఆపరేటరుగా చేరాను. ఖమ్మం దాటి భద్రాచలం అడవి మొదలయ్యే చోట వాళ్ళకు సొంత విమానాల స్ట్రిప్పు ఉండేది. ఒక చిన్న రన్‌వే, రేకుల కప్పు వేసిన రేడియో గది, చుట్టూ ముళ్ళకంచె, అంతే దాని వైభవం. మంగళవారం, శుక్రవారం హైదరాబాదు నుంచి రెండింజన్ల చిన్న విమానం వచ్చేది. మిగతా రోజుల్లో రన్‌వే మీద మేకలను తోలడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

రేడియో గదికి రెండు వందల గజాల అవతల ఇప్పచెట్ల మధ్య ఒక చిన్న గుడిసెలాంటి గది, దాని పక్కన రెండు స్తంభాలు, వాటి మధ్య తీగ. అదే బీకన్. ఆకాశంలోకి ఎడతెగకుండా సిగ్నల్ పంపుతుంది. విమానంలో ఉన్న ఒక సూది ఆ సిగ్నల్ వచ్చే దిక్కును చూపిస్తుంది. ఏ బీకనో తెలియడానికి పొట్టి, పొడుగు కూతలతో రెండక్షరాల మోర్స్ సంకేతం కూడా వినిపిస్తూ ఉంటుంది. ఆ సంకేతం కోసం గదిలో పళ్ళ చక్రం ఒకటి రాత్రింబగళ్ళు టక్ టక్ మని తిరిగేది.

మబ్బులో, మంచులో దిగాలంటే పైలట్ ముందు బీకన్ నెత్తి మీదికి ఎత్తున వస్తాడు. అక్కణ్ణుంచి దూరంగా పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ బీకన్ వైపు వస్తాడు. మా స్ట్రిప్పుకు ఆ వచ్చే దారి రెండు గుట్టల నడుమ, వాగు మీదుగా ఉండేది. సూది ఆ దారిని చూపించాలి, అటూ ఇటూ అయిదు డిగ్రీలు మించకూడదు. అలా కుదిరాకే "ఎస్టాబ్లిష్డ్" అని చెప్పి మూడువేల అయిదువందల అడుగుల ఎత్తు వదలాలి. కుదరకముందు ఒక్క అడుగు కూడా దిగకూడదు. గుట్టలు పక్కకు జరగవు కదా.

ఇదంతా నాకు నేర్పింది మా కెప్టెన్ గారే. కృష్ణా జిల్లా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం వాళ్ళది. నడివయసు మనిషి, మాట తక్కువ, టీ ఎక్కువ. చేరిన కొత్తలో నేను కాస్త తెలివి చూపించబోయి, "సూది మధ్యకు వస్తే చాలు, ఎస్టాబ్లిష్డే కదా సార్?" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఎడ్లబండి ఎప్పుడైనా తోలావా?"

"తోలిన సార్."

"చక్రం బండిజాడను దాటి అవతలకు పోవడం వేరు, జాడలో పడి నడవడం వేరు. సూది మధ్యకు రావడం మొదటిది. మధ్యలో ఉండటం రెండోది. రెండోది అయ్యాకే నేను దిగుతాను. నేను ఆ మాట చెప్పకుండా దిగుతున్నట్టు నీకు అనిపిస్తే అడుగు. మొహమాటపడకు."

నేను మొహమాటపడలేదు కానీ బద్ధకపడ్డాను. రేడియో గదిలో ఒక చిన్న స్పీకరు ఉండేది. బీకన్ సంకేతం అందులో ఎప్పుడూ వినిపిస్తూ ఉండాలి, ఆగితే ఆపరేటరుకు వెంటనే తెలియాలి. రోజుకు ఎనిమిది గంటలు అదే కూత వింటే మనిషికి పిచ్చెక్కుతుంది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా చెవుల్లో అదే. ఒకనాడు మా ఆవిడ పాత చీర ముక్క తెచ్చి ఆ స్పీకరులో కుక్కాను. అబ్బ, ఎంత హాయి! చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా వినిపిస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. వారం రోజుల తర్వాత చెవి దగ్గర పెట్టి వినడం కూడా మానేశాను. రెండేళ్ళు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మనల్ని చెడగొడుతుంది.

ఇక ఆ ఇప్పచెట్ల సంగతి. కంచె లోపల బీకన్ చుట్టూ ఎనిమిది పెద్ద చెట్లు ఉండేవి. పక్క గూడెం నుంచి ఒక కోయ ఆమె, తన కోడలితో కలిసి పువ్వు ఏరుకోవడానికి వచ్చేది. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. వాళ్ళలో వాళ్ళు కోయలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగులో. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె సారూ అంటూనే నువ్వు అనేది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కకముందే ఏరి, ఎండబెట్టి, దాచుకుంటారు. వానకాలంలో ఇంట్లో గింజలు అడుగంటినప్పుడు అదే వాళ్ళ తిండి, సంతలో ఉప్పుకూ బియ్యానికీ మారకం కూడా అదే. రాలిన పువ్వు కనిపించాలని చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి ముందురోజు సాయంత్రమే కాలుస్తారు. చెట్టు కింద వరకే, ఒక పద్ధతి ప్రకారం కాలుస్తారు. అందుకే ఆ నెలంతా అడవి మీద సన్నటి పొగ పరుచుకుని ఉంటుంది, మబ్బు లేకపోయినా పొద్దున్నే దూరం కనిపించదు.

బీకన్ గది నుంచి స్తంభం వరకు పోయే కేబుల్ నేల మీదే, తారు పూసిన చెక్కల కింద ఉండేది. దానికి రెండు పక్కలా గడ్డి కోయించడం నా పని. కూలీలను పిలవాలి, దగ్గర నిలబడి కోయించాలి, ఆ ఎండలో ఎవడు నిలబడతాడు? ఉగాది దాటిన వారం అనుకుంటాను, ఒక సోమవారం సాయంత్రం ఆమె ఆకులు ఊడుస్తుంటే పోయి అడిగాను.

"అక్కా, ఎట్లాగు కాలుస్తరు గద, ఆ చెక్కల పక్కన గడ్డి గూడ కాల్చెయ్యరాదు?"

ఆమె చీపురు ఆపి కేబుల్ వైపు చూసింది. "మేం చెట్టు కిందనే కాలుస్తం సారూ. తీగె కాడ అగ్గెందుకు? రేపు పువ్వేరినంక కొడవలితోని కోసిస్తం తీయ్."

"రేపు విమానం వస్తది. పెద్దసార్లు చూస్తే బాగుండది. ఏం గాదు, నేను చెప్తున్న గద."

"నువ్వు చెప్తే సరే" అంది, కానీ మొహంలో ఇష్టం లేదు. మంట పాకకుండా పచ్చి కొమ్మలతో కొడుతూ కాల్చారు. పావుగంటలో గడ్డి పోయింది. నేను ఎంతో పని చేసినవాడిలా చేతులు దులుపుకుని ఇంటికి పోయాను. చెక్కల కింద ఎక్కడో ఒక మూల నిప్పు ఆరకుండా మిగిలింది. తారు నిప్పు తొందరపడదు, నెమ్మదిగా రాజుకుంటుంది.

మర్నాడు పొద్దున పొగ, మంచు కలిసి స్ట్రిప్పు మీద కూర్చున్నాయి. ఎదురుగా గాలి దిక్కు చూపించే విండ్‌సాక్ గుడ్డ కూడా కనిపించలేదు. ఏడున్నరకు కెప్టెన్ గారు రేడియోలోకి వచ్చారు. మైలు దూరం కూడా కనబడటం లేదని చెప్పాను.

"బీకన్ పట్టుకుని కిందికి వచ్చి చూస్తాను. కనబడకపోతే వెళ్ళిపోతాను" అన్నారు. ఆ రోజు ఆయనతో పాటు అయిదుగురు పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక ఇంజనీరు గారి భార్య, ఆమె ఒడిలో ఎనిమిది నెలల పాప.

నెత్తి మీదుగా ఇంజన్ల మోత వచ్చి దూరంగా పోయింది. వెనక్కి తిరుగుతున్నానన్నారు. తర్వాత కాసేపటికి ఆ మాట వచ్చింది. "ఎస్టాబ్లిష్డ్ ఇన్‌బౌండ్. లీవింగ్ త్రీ ఫైవ్." అంటే సూది కుదిరింది, మూడువేల అయిదువందలు వదిలి దిగుతున్నాను అని. నేను లాగ్ పుస్తకంలో టైము వేసి టీ ఫ్లాస్కు మూత తీశాను.

అప్పుడు గుమ్మంలో ఆ కోయ ఆమె. పరుగెత్తుకొచ్చింది, ఊపిరి అందడం లేదు. కొంగులో ఉన్న పువ్వు గుమ్మం మీద ఒలికిపోతోంది.

"సారూ, నీ డబ్బాల పిట్ట కూస్తలేదు!"

"ఏంది?"

"గా గదిల టక్ టక్ అంటది గద, అది బందయ్యింది. చెక్కల కింద పొగ లేస్తాంది."

నేను స్పీకరులో చీర ముక్క లాగేశాను. గదంతా నిశ్శబ్దం. నా జీవితంలో అంత భయంకరమైన నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. కేబుల్ కాలి బీకన్, దాని చక్రంతో సహా, దానంతట అదే ఆగిపోయింది. విమానంలో సూదికి ఆ సంగతి తెలియదు. కొన్ని సూదులు అలాగే ఉంటాయి, సిగ్నల్ పోతే చివరగా ఎటు చూపించాయో అటే చూపిస్తూ ఉండిపోతాయి. చూసేవాళ్ళకు చక్కగా కుదిరినట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను వెంటనే మైకు పట్టుకోలేదు. తలుపు వైపు రెండడుగులు వేశాను. పరుగెత్తుకుపోయి నిప్పు ఆర్పి, కేబుల్ ఏదో విధంగా అతికించి, స్విచ్చి మళ్ళీ వేస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అన్న ఆలోచన. పర్మనెంటు అయి ఏడాదే అయింది, ఇంట్లో ఇద్దరు పిల్లలు. సిగ్గుచేటు, కానీ ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది నా పిల్లలే, ఆ పాప కాదు.

ఆమె గుమ్మంలోంచి పక్కకు జరగలేదు. "ఏడికి సారూ? పైనోల్లకు చెప్పినవా?"

"పోయి చూసొస్త అక్కా."

"నేను చూసే వచ్చిన గద! నేను నీకు చెప్పిన, నువ్వు ఆల్లకు చెప్పు!" అని గట్టిగా అరిచింది. నా మీద అప్పటిదాకా ఆమె ఎప్పుడూ గొంతు లేపలేదు.

వెనక్కి తిరిగి మైకు అందుకున్నాను. ఇంగ్లీషు మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "సార్, దిగొద్దు! బీకన్ లేదు! ఎక్కండి సార్, పైకి ఎక్కండి!"

తర్వాత ఇంజన్లు రెండూ ఒక్కసారిగా గర్జించడం వినిపించింది. ఆ మోత రావాల్సిన వైపు నుంచి రాలేదు. వాగు వైపు నుంచి కాక ఉత్తరం గుట్ట వైపు నుంచి వచ్చింది. కింద గాలి మారి విమానాన్ని దారి తప్పించింది, ఆయన మాత్రం కదలని సూదిని నమ్ముకుని తిన్నగా వస్తున్నాననే అనుకుంటున్నారు. మోత గుట్టకు కొట్టుకుని మా రేకులు అదిరాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె చెవులు మూసుకుంది. ఆ మోత పైకి, ఇంకా పైకి పోయి నెమ్మదిగా పలచబడింది.

"త్రీ ఫైవ్ దాటాను. వెనక్కి వెళ్తున్నాను" అన్నారు కెప్టెన్ గారు. గొంతులో మార్పు ఏమీ లేదు. నేను బల్ల మీద తల ఆన్చి ఏడ్చాను. ఆమె ఒలికిన పువ్వు ఏరుకుని నిప్పు ఆర్పడానికి పోయింది. నేను లేచి పోయేసరికి కోడలితో కలిసి మట్టి కప్పి ఆర్పేసింది కూడా.

మధ్యాహ్నానికి స్ట్రిప్పును చూసుకునే ఇన్‌ఛార్జి గారు జీపులో వచ్చారు. మంచి మనిషే, చెడ్డవాడు కాదు. కానీ రిటైర్‌మెంటుకు రెండేళ్ళున్న మనిషి. కాలిన కేబుల్ చుట్టూ మూడుసార్లు తిరిగి తలుపు వేసి నన్ను కూర్చోబెట్టారు.

"గడ్డి ఎవలు కాల్చిన్రు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. చీర ముక్క సంగతి మాత్రం చెప్పలేదు.

ఆయన కుర్చీ నా దగ్గరికి లాక్కున్నారు. "చూడు తమ్మీ, గిట్ల రాస్తే నీ కొలువు పోతది, నా పింఛను పోతది. బయటోల్లు పెట్టిన అగ్గి కంచె దాటి వచ్చింది, ఆపరేటరు గమనించి విమానాన్ని ఆపిండు అని రాయి. అబద్ధం ఏముంది అండ్ల? ఆపింది నువ్వే గద. ఎవ్వల పేరూ రాయకు. ఎవ్వలికీ నష్టం లేదు."

ఎవ్వలికీ నష్టం లేదు. ఆ మాట నాకు చల్లగా తగిలింది. రాశాను, సంతకం పెట్టాను. నా దస్తూరీ ఆ రోజు చాలా అందంగా వచ్చిందని కూడా గుర్తు.

వారంలోగా రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నాకు, అప్రమత్తంగా వ్యవహరించి ఆరుగురు పెద్దల్నీ ఒక పసిపాపనీ కాపాడినందుకు అభినందన. రెండోది స్ట్రిప్పుకు, బయటివాళ్ళు ఎవరూ కంచె లోపలికి రాకూడదని, గేటుకు తాళం, ఒక కాపలాదారు. పువ్వు సరిగ్గా జోరుగా రాలుతున్న రోజులు. కాపలాదారు బూట్ల కింద పువ్వు నలిగి గదంతా తీపి పులుపు వాసన వచ్చేది. నేను కిటికీ మూసేసుకునేవాణ్ణి.

ఆమె ఖాళీ గంపతో రేడియో గది వెనక కంచె దగ్గరికి వచ్చింది.

"సారూ, తాళమేసిన్రు. పువ్వంత మట్టిపాలైతాంది. నువ్వొక్క మాట చెప్పు."

"పైనుంచి ఆర్డరొచ్చింది అక్కా. నాతోని గాదు."

"అగ్గి పెట్టుమన్నది నువ్వే గదా?"

"అవ్" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నువ్వు చెప్తే గంత పెద్ద ఇమానమే ఆగింది. ఈ తాళం ఆగదా?"

నేను ఏదో గొణిగాను. చూస్తాను అనో, అడుగుతాను అనో. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గంప నెత్తిన పెట్టుకుని పోయింది. తర్వాత మరో రెండుసార్లు కంచె అవతల నిలబడి చెట్ల వైపు చూడటం కిటికీలోంచి కనిపించింది. నేను లాగ్ పుస్తకంలో తల దూర్చుకున్నాను.

కెప్టెన్ గారు నెలకు పైగా రాలేదు. వేరే పైలట్ వచ్చేవాడు. ఆయన్ను మళ్ళీ పరీక్ష పెట్టడానికి పిలిచారని, అందాకా విమానం ఇవ్వరని అతనే చెప్పాడు. ఎందుకు? ఆయన తప్పేముంది? నాకు అర్థం కాలేదు.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం ఆయనే వచ్చారు. ఆకాశం శుభ్రంగా ఉంది, సూదితో పనే లేదు. దిగి, ఎప్పటిలాగే నా గదికి వచ్చి స్టూలు లాక్కున్నారు. నేను టీ పోశాను.

"పరీక్ష ఎందుకు పెట్టిన్రు సార్ మీకు?"

"నా తప్పు నేనే పైవాళ్ళకు రాసిచ్చాను. దిగేటప్పుడు బీకన్ కూత చెవిలో వింటూ ఉండాలి. ఆ సూదికి చచ్చిపోయానని చెప్పడం రాదు, కూత ఆగితేనే తెలుస్తుంది. ఆ రోజు వెనక పాప ఏడుస్తోంది, పక్క సీటాయన ఏదో అడుగుతున్నాడు, నేను వాల్యూం తగ్గించాను. సూది చూస్తే ఎంత బుద్ధిగా ఉందో! ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ అంత నిలకడగా లేదు. బతికున్న సూది ఎంతో కొంత వణుకుతుందయ్యా. నాకు అనుమానం రావాల్సింది పోయి ముచ్చటేసింది." టీ ఒక గుక్క తాగారు. "ఎస్టాబ్లిష్డ్ అనేది పెళ్ళి అనుకున్నాను, ఒకసారి అయితే చాలని. అది కాపురం. చక్రాలు నేలకు తగిలేదాకా ప్రతి నిమిషం చెయ్యాలి."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. కళ్ళు స్పీకరు మీద ఉన్నాయి. అందులో ఇప్పుడు గుడ్డ లేదు, కూత గది నిండా మోగుతోంది.

"నీ రిపోర్టు చదివాను. బాగా రాశావు. ఒక్కటే అర్థం కాలేదు. రెండేళ్ళుగా దీంట్లో గుడ్డ చూస్తున్నాను, నాదేం పోయిందని అడగలేదు, అదీ నా తప్పే. మరి గుడ్డ ఉండగా బీకన్ ఆగిందని నీకెలా తెలిసింది?"

అంత నెమ్మదిగా అడిగితే ఎవరైనా ఏం చేస్తారు! మొత్తం చెప్పేశాను. గడ్డి, చీర ముక్క, గుమ్మంలో ఆమె, నేను తలుపు వైపు వేసిన రెండడుగులు, ఇన్‌ఛార్జి గారు, తాళం. ఆయన ఓదార్చలేదు.

"ఆమెకు చెట్లు ఎప్పుడు మూశారు?"

"మీరు వెనక్కి పోయిన వారానికి సార్."

"అంటే నేను పరీక్ష రాస్తున్నంత కాలం" అని లేచారు. "కాగితం ఉందిగా. నేను బయలుదేరేలోపు రాసి ఇయ్యి. నేనే తీసుకెళ్తాను."

రాశాను. ఈసారి దస్తూరీ కోడి గీతల్లా వచ్చింది. ఇన్‌ఛార్జి గారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనే భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తియ్, నాకు నిద్ర పడ్తాంది" అన్నారు. ఆయన పింఛనుకు ఏమీ కాలేదు. నా అభినందన ఉత్తరం వెనక్కి తీసుకున్నారు, సర్వీసు పుస్తకంలో హెచ్చరిక పడింది, ప్రమోషన్ జాబితాలోంచి పేరు కొట్టేశారు. ఆ తర్వాత నాతో చేరినవాళ్ళు నా పైఆఫీసర్లు అయ్యారు. నేను ఎవరినీ నిందించను. ఉద్యోగం పోకపోవడమే ఎక్కువ.

రెండో రిపోర్టులో ఒక విన్నపం కూడా రాశాను, చెట్లను పువ్వు ఏరుకునేవాళ్ళకు మళ్ళీ వదలమని. అది ఒప్పుకుంటూ ఆర్డరు వచ్చిన రోజు కాపలాదారు దగ్గర తాళంచెవి తీసుకుని గేటు నేనే తెరిచాను. ఆ సంతోషంలో ఎండ కూడా లెక్కచేయకుండా సైకిలెక్కి గూడేనికి పోయాను. ఆమె ఇంటి ముందు కోడలితో కలిసి బీడీలకు పోయే తునికాకు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచి మంచం వాల్చింది, చెంబుతో నీళ్ళిచ్చింది.

"అక్కా, తాళం తీసిన్రు! నేను రాసిచ్చిన, అంత నా తప్పే అని. ఇగ నిన్ను ఎవ్వలూ ఆపరు" అన్నాను ఒక్క గుక్కలో.

ఆమె ఆకుల కట్ట ఒకటి బిగించి ముడి వేసింది. ఇంటి పక్కన పువ్వు ఎండబోసుకునే చోటు శుభ్రంగా అలికి ఉంది. దాని మీద ఏమీ లేదు.

"మంచి పని చేసినవ్ సారూ" అంది. కోపంగా అనలేదు. "పువ్వు రాలినప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు చెట్టు కింద ఏముంది?"